కుడిచేతి కడియం

మా ముత్తాత పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం దిగకుండా తాలూకా కచేరీ ఆవరణలోకి వెళ్లేవాడని, లోపలున్న అధికారే మెట్లు దిగి వచ్చి మాట్లాడేవాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ ఊళ్లు పోయాక కూడా మా తాత నారాయణగూడలో పద్నాలుగు గదుల ఇల్లు కట్టించాడు. ఆయన వేయించిన పందిట్లో ఏటా నలభై రోజులు పురాణం చెప్పించేవాడట. వినడానికి నల్లకుంట నుంచీ చిక్కడపల్లి నుంచీ మనుషులు నడిచి వచ్చేవారట. మా నాన్న మొదట తోట అమ్మాడు, తర్వాత బగ్గీల కొట్టం, చివరికి ఇల్లు. ఇల్లు అమ్మిన రోజున కూడా ఇస్త్రీ చేసిన షేర్వాణీ వేసుకునే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాడు.

నేను ఆయనకు ఒక్కతే కూతురిని. పెళ్లి చేసుకోలేదు. అమ్మాయిల కాలేజీలో చరిత్ర చెప్పాను. అశోక్‌నగర్‌లో ఒక మేడమీద రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. కింద వీధిలో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు టీకొట్టు ముందు నిలబడి, మా తాతల కాలాన్ని చిన్నచిన్న ప్రశ్నలుగా చేసి ఒకరినొకరు అడుగుతుంటే పైన నాకు వినబడేది. జవాబు తప్పు చెబితే దిద్దాలని నోటిదాకా వచ్చేది. దిద్దేదాన్ని కాదు. మా ఇంటివాళ్లం పిలవని చోట మాట్లాడం.

మా ఇంట్లో మిగిలింది ఒక బంగారు కడియం. ముత్తాత చేతిది. రెండు కొసలా సింహం తలలు ఒకదాన్నొకటి చూసుకుంటూ, నోళ్లు కలిసి అతికి ఉంటాయి. అది ఇంటికి పెద్ద అయినవాళ్ల కుడిచేతికి ఉంటుంది. ఒకసారి తొడిగితే బతికుండగా తీయరు. మా వాళ్లందరివీ వెడల్పాటి అరచేతులు, సన్నటి మణికట్లు. కడియం మణికట్టు మీద గుండ్రంగా తిరుగుతుంది కానీ అరచెయ్యి దాటి రాదు. మనిషి మంచంపట్టి ఎండిపోయి, చివరి రోజుల్లో అరచెయ్యి కూడా చిక్కిపోతే దానంతటదే జారుతుంది. తాతకు అలాగే జారింది. నాన్నకు అలాగే జారింది. నాన్న పోయిన పదమూడో రోజున మా మేనత్త కుంకుడు నురగ రాసి, నేను పళ్లు బిగబట్టుకుని కూర్చుంటే, నా చేతికి ఎక్కించింది. అందుకే మా ఇంట్లో ఒక లెక్క ఉంది. కడియం వదులైతే ప్రాణం వదులైనట్టు. బిగువుగా ఉంటే మనిషి గట్టిగా ఉన్నట్టు.

ఈ లెక్కే నా చేతిని తినేసింది. చదువుకున్నదాన్ని, ముప్పై ఏళ్లు పిల్లలకు కారణాలూ ఫలితాలూ వేరుచేసి చూపించినదాన్ని, నేనూ నమ్మాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల చివర్లో నా ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి తీసేశారు. తర్వాత సూదిమందు మొదలుపెట్టారు. ఎడమవైపు ఆపరేషన్ అయింది కాబట్టి సూది కుడిచేతికే. మొదటి నాలుగుసార్లూ ఎర్రటి మందు ఎక్కించారు. జుట్టు రాలిపోయింది. అన్నం వాసన పడేది కాదు. కడియం మణికట్టు దాటి బొటనవేలి మొదట్లో వేలాడటం మొదలుపెట్టింది. మా మేనత్త విద్యానగర్ నుంచి వారానికోసారి ఆటోలో వచ్చేది. వచ్చి నా ముఖం చూసేది కాదు, కడియం చూసేది. ఆమె కళ్లు అక్కడ ఆగడం నాకు తెలిసేది. కొంగు చివర చేతి మీదికి లాక్కునేదాన్ని.

ఆ తర్వాత మందు మార్చారు. కొత్తగా వచ్చిన మందు, మూడు వారాలకోసారి, మంగళవారం. దాంతోపాటు చిన్న మాత్రలు రాసిచ్చాడు డాక్టరు. సూదికి ముందురోజు పొద్దున మొదలుపెట్టి మూడు రోజులు, రెండు పూటలా, ఏదైనా తిన్న తర్వాత వేసుకోవాలి. మరిచిపోవద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. గది బయట నలభై మంది ఉన్నారు, ఆయన చెయ్యి అప్పటికే తర్వాతి ఫైలు మీద ఉంది. నేనూ అడగలేదు.

సూదికి ముందురోజు సోమవారం. సోమవారం నాకు ఒక్కపొద్దు. మా నాయనమ్మ ఉండేది, మా అమ్మ ఉండేది, నేను పదహారో ఏట నుంచి ఉంటున్నాను. సాయంత్రం దీపం పెట్టాకే భోజనం. తినకుండా మాత్ర వేసుకోకూడదన్నారు కదా, పొద్దుటిది మానేశాను. మొదటిసారి సాయంత్రం వేసుకుంటే తెల్లారేదాకా కన్ను మూతపడలేదు, తర్వాతిసారి నుంచి అదీ మానేశాను. మంగళవారం పొద్దున వాంతుల భయంతో ఏమీ తినేదాన్ని కాదు, కాబట్టి అప్పటిదీ లేదు. సూది పడేముందు ఒంట్లో ఉండాల్సిన మాత్రలన్నీ సీసాలోనే ఉండేవి. బుధవారం మాత్రం గడియారం చూసుకుని వేసుకునేదాన్ని. అదేదో పాటించినట్టు.

వార్డులో ఒక సిస్టర్ ఉండేది. వరంగల్ వైపు పిల్ల, ముప్పై దాటని వయసు. సూది గుచ్చే ముందు ప్రతిసారీ అడిగేది, నిన్నటి మాత్రలు వేసుకున్నరా మేడం అని. వేసుకున్నాననేదాన్ని. ఒక్కపొద్దు సంగతి ఆమెకు చెప్పి, ఆమె నాకు బుద్ధి చెప్పి, పక్క మంచాలవాళ్లు వినడం నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో నౌకర్లకూ నర్సులకూ సంజాయిషీ ఇచ్చే అలవాటు లేదు. ఆమె నా ఫైల్లో టిక్కు పెట్టుకునేది.

కొత్త మందు రెండో సూది అయ్యాక కడియం మణికట్టు మీదికి వచ్చి నిలబడింది. మూడో సూది తర్వాత తిరగడం మానేసింది. నా సంతోషం ఏమని చెప్పను. కాలేజీకి పోయి రెండు క్లాసులు తీసుకున్నాను. చెంపలు నిండాయి, పాదాలు నిండాయి, చెప్పులు బిగువయ్యాయి. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, అది రక్తం తక్కువై అనుకున్నాను. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట. మందు పడిందన్నారు. కోలుకున్నావన్నారు. కింది పోర్షన్ ఇంటావిడ తన చెల్లెల్ని తీసుకొచ్చి మరీ నన్ను చూపించింది, ఆ జబ్బు వచ్చినా ఎట్లా ఉన్నదో చూడమని.

మేనత్త ఆ వారం వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఏందే, మొన్న పుల్లలెక్క ఉంటివి. ఒళ్లు చేసినవ్ గదనే. చెయ్యి ఇటు తే."

చెయ్యి ఇచ్చాను. ఆమె కడియాన్ని తిప్పబోయింది. కదల్లేదు. ఇంకోసారి తిప్పింది. ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి.

"కదుల్తలేదు సూడు. ఇగ నీకేం గాదు బిడ్డా. ఇంటిపెద్దవు, నువ్వు గట్టిగనే ఉంటవు."

ఆమె పోతూ పోతూ వంటింట్లో గిన్నెలు తోముతున్న మనిషితో, దొరసానికి నెయ్యి ఎక్కువ వెయ్యమని చెప్పి వెళ్లింది.

ఆ గిన్నెలు తోమే మనిషిది పాలమూరు జిల్లా. మా పదకొండు ఊళ్లకు ఎక్కువ దూరం కాని ఊరు. వాళ్లాయన కట్టడాల దగ్గర సిమెంటు మోసేవాడు, బస్తీలో ఉండేవాళ్లు. నాకు కాళ్లు లాగుతుంటే పని అయ్యాక కాసేపు ఒత్తి వెళ్లేది. నాలుగో సూది అయిన వారానికి, కాళ్లు ఒత్తుతూ ఒత్తుతూ ఆగింది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కి తీసింది. గుంట పడింది. అది పూడుతుందేమోనని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. పూడలేదు.

"గిది ఒళ్లు గాదమ్మా. నీరు."

నీ పని నువ్వు చూసుకోమన్నాను.

"నా పని జేస్తనే ఉన్న. మా అత్తకు గిట్లనే గుంట పడ్డది. మేం గూడ బలిసిందనుకున్నం. పండ్గకు కొత్త రైక కుట్టిచ్చినం, అది తొడగకముందే పొయింది."

ఆమెను ఆ రోజు పొమ్మన్నాను. రేపటి నుంచి రావద్దని కూడా అన్నాను. పొయ్యి మీది పాలు దించి వెళ్లింది. నా కోపం నీరు గురించి కాదు. నేను సంతోషించిన దాన్ని ఒక బొటనవేలితో నొక్కి చూపించింది, అందుకు.

మరుసటి రోజు తనే వచ్చింది. నేను రావద్దన్నది ఆమె విన్నట్టే లేదు. నేనూ మళ్లీ అనలేదు.

నీరు అక్కడితో ఆగలేదు. పిక్కల మీద చర్మం బిగిసి, నున్నగా మెరవసాగింది. చిటికెతో పట్టుకుందామంటే పట్టు చిక్కేది కాదు, డప్పుకు బిగించిన తోలులా ఉండేది. కుడిచేతి మీదా అదే. గోళ్లు మొదట గోధుమరంగుకు తిరిగి, తర్వాత కొసల దగ్గర పైకి లేచాయి. ఒకరోజు క్లాసులో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారి పడింది. వంగి తీసుకున్నాను. మళ్లీ పడింది. వేళ్లు ముడుచుకోవడం లేదు. ముందు బెంచీ అమ్మాయి లేచి తీసి ఇచ్చింది, దాన్ని బల్ల మీద పెట్టి మిగిలిన పాఠం నోటితో చెప్పాను. కడియం చర్మంలోకి దిగింది. రెండు పక్కలా చెయ్యి పొంగి మధ్యలో బంగారం ఒక గీతలా కనిపించేది.

ఆసుపత్రికి ఫోను చేస్తే ఒక చిన్న డాక్టరు, ఆపరేషన్ అయిన చెయ్యి ఉబ్బడం మామూలేనన్నాడు. ఆపరేషన్ ఎడమవైపు, ఉబ్బింది కుడిచెయ్యి అన్నాను. దిండు మీద ఎత్తుగా పెట్టుకోమన్నాడు. ఏ చెయ్యి అని ఆయన మళ్లీ అడగలేదు. ఇలాంటి మనుషుల చేతుల్లో మనం ప్రాణాలు పెడతాం.

మేనత్తను అడిగాను, కడియం కోయిస్తే ఎలా ఉంటుందని. ఆమె చెవులు మూసుకుంది. బతికుండగా తీస్తే నేను బతకనని ఆమె అనలేదు. అంతకన్నా అన్యాయమైన మాట అంది. నాన్న చేతికి అంత అవస్థలోనూ ఉన్నది, నా చేతికి ఉండలేకపోయిందా అంది. నేను మెడ నిటారుగా పెట్టుకుని, ఉంటుందన్నాను. అలా ఇంకో నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజులకు ఎవరినీ అనడానికి లేదు. అవి నావి.

ఐదో రోజు చూపుడువేలి కొస నీలంగా మారింది. సూదితో గుచ్చి చూశాను, తెలియలేదు. పనిమనిషి నా చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. అవి పట్టలేదు. తన రబ్బరు చెప్పులు విప్పి పెట్టింది. అవి వేసుకుని ఆటో ఎక్కాను. ఆమె ఉత్త కాళ్లతో పక్కన కూర్చుంది.

ఆసుపత్రిలో, మాత్రలు రాసిచ్చిన పెద్ద డాక్టరే కాలు నొక్కాడు, చర్మం పట్టి చూశాడు, వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. ఊపిరితిత్తి చుట్టూ కూడా నీరు చేరుతోందన్నాడు. ఈ మందుతో కొందరికి నీరు పడుతుందట, అది పడకుండానే ఆ చిన్న మాత్రలట. చర్మం ఇలా గట్టిపడటం మాత్రం అరుదు, పుస్తకంలో చదివాను గానీ చూడలేదన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కొంచెం ఉత్సాహం కనిపించింది. ఇద్దరు కుర్ర డాక్టర్లను పిలిచి నా పిక్క నొక్కమన్నాడు. నన్ను అడగలేదు. వాళ్లు వంతులవారీగా నొక్కారు.

తర్వాత ఫైలు తిప్పి, పక్కనే ఉన్న సిస్టర్ వైపు చూశాడు.

"మాత్రలు ప్రతిసారి అడిగినవా?"

"అడిగిన సార్. వేసుకున్న అన్నరు."

"అడగకుండనే టిక్కులు పెట్టినట్టుంది. మాత్రలు వేసుకుంటే ఇంత నీరు పట్టదు. ఇయ్యాల నీ మీద రాసి పంపిస్త."

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు సులువయ్యేది, ఆమె మీద కోపం తెచ్చుకునేదాన్ని. చేతిలో ఉన్న ట్రేని అలాగే పట్టుకుని నిలబడింది.

కుర్ర డాక్టర్లు ఉన్నారు. తలుపు దగ్గర, ఉత్త కాళ్లతో, మా పనిమనిషి ఉంది. మా ఇంట్లో ఎవరూ ఇలాంటి చోట నోరు తెరిచి తప్పు ఒప్పుకున్నట్టు నేను వినలేదు.

"ఆమె అడిగింది. ప్రతిసారీ అడిగింది. నేను వేసుకోలేదు. వేసుకున్నట్టు అబద్ధం చెప్పిన."

డాక్టరు కళ్లద్దాలు తీశాడు. ఎందుకని అడిగాడు. సోమవారం ఒక్కపొద్దు అన్నాను. ఆయన ఏదో అనబోయి ఆగాడు. అది నాకు ఇంకా అవమానం. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. మాత్రలు ఎందుకో మొదటిరోజే చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం అన్నాను. చెప్పి ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. మాత్రలు వేసుకున్నా నీరు వచ్చేదా అని అడిగాను. వచ్చేదేమో, ఇంత రాకపోయేదేమో అన్నాడు. ఆ రెండు ఏమోల మధ్య నన్ను వదిలేశాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఈ మందు ఇక ఇవ్వనన్నాడు. నీరు తీసే మందు రాశాడు. కడియం వైపు చూసి, ఇది ఈ రోజే పోవాలి, లేకపోతే వేలు పోతుంది, తర్వాత ఎంతవరకు పోతుందో చెప్పలేనన్నాడు. మా దగ్గర బంగారం కోసే పనిముట్లు ఉండవు, కంసాలి దగ్గరికి పొండన్నాడు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆ సిస్టర్ వెనక నుంచి వచ్చి, నా చేతికి ఒక దూది ఉండ, ఒక మలాము గొట్టం ఇచ్చింది. కోసిన తర్వాత రాసుకోమంది. నా ముఖంలోకి చూసి, "మేడం, ఒక్క మాట చెప్తే నేనే ఇంత అటుకులు తెచ్చి పెడ్తుంటి గద," అని లోపలికి పోయింది. ఆమెకు నా మీద కోపం ఉంది. ఉండాలి.

చిక్కడపల్లిలో కూరగాయల మార్కెట్టు వెనక సందులో ఒక ముసలి కంసాలి ఉండేవాడు. ఆయన ముందు చాప మీద కూర్చుని చెయ్యి చాపాను. ఆయన అద్దం పెట్టుకుని సింహం తలల్ని చాలాసేపు చూశాడు. ఏ ఇంటిదమ్మా అని అడిగాడు. చెప్పలేదు. చెబితే ఆయన లేచి నమస్కారం పెట్టేవాడేమో, ఆ వయసువాడే. ఆ నమస్కారం ఆ రోజు నాకు అక్కర్లేదు.

చర్మానికి రంపం తగలకుండా పలుచటి రేకుముక్క ఒకటి లోపలికి దూర్చబోయాడు. దూరడానికి సందు లేదు. నూనె వేశాడు. పనిమనిషి నా వెనక కూర్చుని భుజాలు పట్టుకుంది. రేకు దూరేటప్పుడు చర్మం చీలింది, రక్తం రాలేదు, పలుచటి నీరు కారింది. కంసాలి చెయ్యి ఆపి నన్ను చూశాడు. కానిమ్మన్నాను. ఆ రంపం మీసపు వెంట్రుక కన్నా సన్నంగా ఉంటుంది. దాని చప్పుడు నాకు చెవుల్లో కాదు, మోచేతి ఎముకలో వినిపించింది. బంగారం పొడి చాప మీద పడకుండా ఆయన కింద తెల్లగుడ్డ పరిచాడు.

ఒకచోట కోస్తే ఊడిరాలేదు. రెండోచోట కూడా కోశాడు. సింహం తలలు రెండూ ఒక ముక్కకు ఉండిపోయాయి. కడియం ఉన్న చోట గాడి పడింది, పాలిపోయి, ఎన్నేళ్లుగానో వెలుతురు చూడని చర్మం. పనిమనిషి దానికి మలాము రాస్తూ ఊదింది, పసిపిల్లల చెయ్యికి ఊదినట్టు.

"మళ్ల అతికియ్యాల్నా అమ్మా?" అన్నాడు కంసాలి.

"వద్దు."

నీరు తీసే మందు కొనడానికి మళ్లీ ఆటో ఎక్కాం. ఆటో నారాయణగూడ చౌరస్తా వైపు తిరిగినప్పుడు, మా ఇల్లు ఉండిన చోట లేచిన నాలుగంతస్తుల కట్టడం కనిపించింది. రోజూ ముఖం తిప్పుకునేదాన్ని, ఆ రోజు తిప్పుకోలేదు. పనిమనిషి దాన్ని చూపించి, వాళ్లాయన దాంట్లో మూడో అంతస్తుకు ఇసుక మోశాడని చెప్పింది. ఆమెకు అది ఎవరి ఇల్లో తెలియదు. నేను చెప్పలేదు.

మేనత్తకు సంగతి తెలిసి వచ్చింది. ఏడ్చింది, చెయ్యి చూడనని మొహం తిప్పుకుంది. ఒళ్లు చేశావని మొదట అన్నది నువ్వే అన్నాను. ఆమె పెద్దది, ఆ మాట అనాల్సింది కాదు. అన్నందుకు చింత లేదు. ఆమె చచ్చిపోయేదాకా మా ఇద్దరి మధ్య ఆ మాట అలాగే ఉండిపోయింది.

వేలు దక్కింది. నీరు తీయడానికి మూడు నెలలు పట్టింది, చర్మం మెత్తబడటానికి ఏడాది పైన. పిడికిలి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. పెన్ను మూడు వేళ్లతో కాకుండా అరచేత్తో పట్టుకుని రాస్తాను, ఇదీ అలాగే రాశాను. సోమవారం ఇప్పుడు పొద్దున్నే తింటాను. నీరంతా పోయాక చెయ్యి ఎముకకు అంటుకుపోయింది. బతికుండగానే, అరచెయ్యి కూడా. కడియం కోయకుండా ఉంచుకుని ఉంటే, ఆ ఏడాది చివరికి దానంతటదే జారి ఉండేది.

రిటైరైన సంవత్సరం రెండు ముక్కలూ అమ్మేశాను. తలలున్న ముక్కా, తలల్లేని ముక్కా ఒకే దుకాణంలో, ఒకే రోజు.